అమెరికాలో తుపాకులట, అబ్బాయిని పంపమంటారా?

ప్రశ్న: మా వాడు బీటెక్ పూర్తి చేశాడు. ఎమ్మెస్‌కు అమెరికా వెళ్తానంటున్నాడు. అక్కడ ఇంటింటా తుపాకులుంటాయట, నిద్ర పట్టడం లేదు. కెనడా, జర్మనీ నయమా? ఇల్లు, పొలం తాకట్టు పెట్టి 40 లక్షలు తెస్తున్నాం.
- ఒక తల్లి, ప్రొద్దుటూరు

అమ్మా, వీసాల కాలం వస్తే చాలు, ఈ భయంతో తల్లులు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. 2017 అంచనాల ప్రకారం అమెరికాలో ప్రతి వందమందికి పౌరుల దగ్గర సుమారు 120 తుపాకులున్నాయి. కెనడాలో 35, జర్మనీలో 20, మన దేశంలో 5. హత్యలు అమెరికాలో ఏటా లక్ష జనాభాకు ఐదారు, కెనడాలో రెండు, జర్మనీలో దాదాపు ఒకటి. మీ భయం ఉత్తది కాదు. కానీ తుపాకుల లెక్కతోనే అంతా తేలదు. జమైకాలో వందమందికి పది తుపాకులు కూడా లేవు, హత్యల రేటు మాత్రం ఎన్నో ఏళ్లుగా అమెరికాకు అనేక రెట్లు. మన సీమ సంగతి మీకు నేను చెప్పాలా? ఫ్యాక్షన్ రోజుల్లో ఎక్కువగా ప్రాణాలు తీసినవి నాటుబాంబులు, వేటకొడవళ్లు. ఆ కడప జిల్లాలోనే బిడ్డను పెంచి పెద్ద చేశారు.

నన్ను భయపెట్టింది మీ చివరి వాక్యం. మొన్న ఒక కుర్రవాణ్ణి ఖర్చులకు ఏం చేస్తావని అడిగాను. "పెట్రోలు బంకు దగ్గర దుకాణంలో రాత్రిపూట పని దొరుకుతుందట సార్" అన్నాడు. పక్కనే తండ్రి ప్లాస్టిక్ సంచిలో పాసుపుస్తకం పట్టుకుని తల ఊపుతున్నాడు. దోపిడీల్లో మన పిల్లలు కొందరు బలైంది అలాంటి దుకాణాల్లోనే. చదువుకునే రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్‌లోనే పని చేయాలి. అనుమతి లేకుండా బయట చేస్తే వీసాకే ముప్పు. నెలనెలా వడ్డీ గుర్తుచేసి వాణ్ణి ఆ గల్లాపెట్టె దగ్గర నిలబెట్టేది మనమే. తప్పుగా అనుకోకండి, ఈ మాట మీకు ఎవరో ఒకరు చెప్పాలి.

ఎమ్మెస్ చేస్తే ఉద్యోగం ఖాయమన్న నమ్మకం నాకు లేదు. చదువు తర్వాత ఏడాది, సాంకేతిక కోర్సులకు మరో రెండేళ్లు పని చేయనిస్తారు. ఆపైన అక్కడే ఉద్యోగం చేయాలంటే ఏటా ఇచ్చే 85,000 హెచ్-1బి ఉద్యోగ వీసాలకు లాటరీ. పక్కింటి వాడు వెళ్లాడని ఇల్లు తాకట్టు పెట్టే చదువా ఇది? జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు, భాష మాత్రం పట్టుగా నేర్వాలి.

అయినా ధైర్యంగా ఉండండి. 2023-24లో 3.3 లక్షల మంది భారతీయ విద్యార్థులు అమెరికాలో ఉన్నారు. అందరి తల్లులూ మీలాగే భయపడ్డారు, దాదాపు అందరి బిడ్డలూ క్షేమంగానే చదువుకుంటున్నారు. అక్కడి క్లెరీ చట్టం ప్రకారం దాదాపు ప్రతి విశ్వవిద్యాలయం తన క్యాంపస్ నేరాల లెక్క ఏటా బయటపెట్టాలి. మీ వాడిచేత అవి తీయించండి. బ్యాంకు కాగితాలతో సహా ముగ్గురూ రండి. డబ్బు కట్టకముందే రండి.