కాశీబుగ్గలో నెట్ సెంటర్ పెడుతున్న మా అమ్మలుకి, బ్రౌజర్ల గురించి

అమ్మలూ,

కాశీబుగ్గలో నెట్ సెంటర్ పెడుతున్నావని అక్క చెప్పింది, చాలా సంతోషమేసింది. ప్రింటర్ ఏది కొనాలి, యూపీఎస్ ఎంతది కావాలి అన్నవి ఫోన్‌లో చెప్పేశాను కాబట్టి మళ్ళీ రాయను. ఈ ఉత్తరం నువ్వు అడగని సంగతి గురించి. సిస్టమ్‌లు అమ్మే అబ్బాయి విండోస్ వేసి, దాంతో వచ్చే ఎడ్జ్ పక్కన క్రోమ్ కూడా పెట్టి, "అయిపోయింది మేడం, వాడుకోండి" అంటాడు. అక్కడితో ఊరుకోకు. నీ దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి సైట్లు తెరిచే ప్రోగ్రామ్‌ని బ్రౌజర్ అంటారనే తెలీదు, "గూగుల్ ఓపెన్ చెయ్యమ్మా" అంటారు అంతే. మందస నుంచి ఆర్మీ అప్లికేషన్ కోసం వచ్చే కుర్రాడికీ, గల్ఫ్‌లో వెల్డింగ్ పనికి పాస్‌పోర్ట్ కావాలని సోంపేట నుంచి వచ్చే ఆయనకీ ఏ బ్రౌజర్ అన్నది నిర్ణయించేది నువ్వే. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

నేను శ్రీకాకుళంలో ఏడురోడ్ల జంక్షన్ దగ్గర సెంటర్ నడిపిన రోజుల్లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తప్ప లోకంలో ఇంకోటి లేదన్నట్టుండేది. ఏ సైట్ అడుగున చూసినా అది ఎక్స్‌ప్లోరర్‌లోనే బాగా కనిపిస్తుందని ఒక లైను. తెలుగు పేపర్ల సైట్లూ అంతే, ఒక్కో పేపరుకి ఒక్కో సొంత ఫాంటు, ఎక్స్‌ప్లోరర్‌లో అయితే దానంతటదే దిగి తెలుగు కనిపించేది, వేరే బ్రౌజర్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులు. అప్పుడు వెన్న నాగార్జున గారు ఫైర్‌ఫాక్స్ అనే ఇంకో బ్రౌజర్ కోసం 'పద్మ' అని ఒక ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, తయారుచేశారు. ఆ రకరకాల ఫాంట్లలో ఉన్నదాన్ని యూనికోడ్ తెలుగులోకి, అంటే అన్ని కంప్యూటర్లకీ అర్థమయ్యే ఒకే పద్ధతిలోకి, మార్చి చూపించేది అది. 2003లో తెలుగు వికీపీడియాని మొదలుపెట్టిందీ ఆయనే. మన భాషలో వార్త చదవడానికి ఫలానా కంపెనీ బ్రౌజరే ఉండాలన్న పరిస్థితి అలా కొంత సడలింది, తర్వాత పేపర్లు కూడా యూనికోడ్‌కి వచ్చేశాయి. ఇప్పుడు నువ్వు ఫోన్‌లో తెలుగు ఇంత హాయిగా చదువుతున్నావంటే దాని వెనక ఇలాంటివాళ్ళ శ్రమ చాలా ఉంది.

అసలు వెబ్ ఎవరిదీ కాదు. వెబ్‌ని తయారుచేసిన టిమ్ బెర్నర్స్‌లీ పనిచేసిన సెర్న్ అనే సైన్సు పరిశోధన సంస్థ 1993 ఏప్రిల్ 30న ఆ సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా వాడుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు అని లోకానికి వదిలేసింది. ఆ మరుసటి ఏడాది నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ వచ్చింది, 1995లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ప్లోరర్‌ని దింపి తర్వాత విండోస్‌తో కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. కంప్యూటర్ కొన్నరోజే ఉచితంగా ఒకటి కళ్ళ ముందుంటే రెండోదాన్ని వెతుక్కునేవాళ్ళు ఎంతమంది ఉంటారు? 1998లో మైక్రోసాఫ్ట్ మీద అమెరికా ప్రభుత్వం కోర్టుకెక్కింది, 2000లో కంపెనీని రెండు ముక్కలు చెయ్యమని జడ్జి తీర్పు చెప్పాడు, 2001లో పై కోర్టు ఆ విడగొట్టడాన్ని కొట్టేసింది కానీ గుత్తాధిపత్యాన్ని కాపాడుకోడానికి చట్టం తప్పిన మాట నిజమేనంది. ఏం లాభం, అప్పటికే నెట్‌స్కేప్ చితికిపోయింది. ఆ తర్వాత జరిగింది నువ్వు గుర్తుపెట్టుకోవాలి: ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001లో, 7 వచ్చింది 2006లో. పోటీ లేకపోయేసరికి మధ్యలో అయిదేళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పాపప్‌లు, వైరస్‌లు, రోజూ ఏదో ఒక సిస్టమ్ ఫార్మాట్ చెయ్యడం, ఆ అయిదేళ్ళూ నెట్ సెంటర్ల వాళ్ళం పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ వచ్చి జనం అటు కదిలాకే వాళ్ళు మళ్ళీ పని మొదలుపెట్టారు.

2008లో క్రోమ్ వచ్చింది. బాగుంది, వేగంగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఇవాళ ప్రపంచంలో మూడింట రెండు వంతుల మంది దాంట్లోనే వెబ్ చూస్తున్నారు. నా ఆందోళన క్రోమ్ వాడేవాళ్ళు ఎక్కువ కావడం ఒక్కటే కాదమ్మా. పేజీని గీసి చూపించే ఇంజిన్ అని లోపల ఒకటుంటుంది, క్రోమ్‌ది బ్లింక్. ఎడ్జ్‌లో ఉన్నదీ 2020 నుంచి అదే. ఒపెరా 2013లోనే సొంత ఇంజిన్ వదిలేసి దీనికి వచ్చింది. బ్రేవ్, వివాల్డీ, శాంసంగ్ ఫోన్లలో వచ్చే బ్రౌజర్ అన్నీ బ్లింకే. పలాసలో ఒకే ఫ్యాక్టరీలో కొట్టిన జీడిపప్పుని నాలుగు కంపెనీల పేర్లున్న ప్యాకెట్లలో పోసి అమ్మినట్టు. బ్లింక్ బయట మిగిలిన పెద్దవి రెండే: ఫైర్‌ఫాక్స్‌లో ఉండే గెకో, ఆపిల్ సఫారీలో ఉండే వెబ్‌కిట్. ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా లోపల వెబ్‌కిట్టే నడుస్తుంది, యూరప్‌లో 2024లో చట్టం వల్ల ఆపిల్ ఆ నియమం సడలించింది కానీ మన దగ్గర అలాగే ఉంది. ఆపిల్ లేని విండోస్ సిస్టమ్‌లో నీకు నిజంగా రెండోది అంటే ఫైర్‌ఫాక్స్ ఒక్కటే.

కాబట్టి ప్రతి సిస్టమ్‌లో ఫైర్‌ఫాక్స్ వెయ్యి, దాన్నే డిఫాల్ట్ చెయ్యి, అంటే ఏ లింకు నొక్కినా దానంతటదే అందులో తెరుచుకోవాలి. క్రోమ్ కూడా ఉంచు, తీసెయ్యమనట్లేదు. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్‌కి వెళ్ళి మార్చాలి. మార్చాక కూడా విండోస్‌లో కొన్ని లింకులు, ముఖ్యంగా విడ్జెట్లలోవి, నిన్ను అడగకుండా ఎడ్జ్‌లోనే తెరుచుకుంటాయి. యూరప్ వాళ్ళకి చట్టం ఉంది కాబట్టి అక్కడ మార్చారు, మనకి లేదు కాబట్టి ఇక్కడ మార్చలేదు. ఇది చూసినప్పుడల్లా నాకు మండుతుంది. ఎడ్జ్‌ని మాత్రం పూర్తిగా పక్కన పెట్టెయ్యకు, డిజిటల్ సిగ్నేచర్ అడిగే పాత సైట్లు కొన్ని ఇంకా ఎక్స్‌ప్లోరర్ కోసం రాసినవే ఉంటాయి, వాటిని ఎక్స్‌ప్లోరర్‌లోలాగే తెరవడానికి ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఉంది, కనీసం 2029 దాకా ఉంచుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఎక్స్‌ప్లోరర్‌ని 2022 జూన్‌లోనే మూసేసినా దాని బాకీ ఇంకా తీరలేదన్నమాట.

ఫైర్‌ఫాక్స్‌ని డిఫాల్ట్ చెయ్యమనడానికి నీ వ్యాపారానికి పనికొచ్చే కారణమే ఉంది. పాస్‌పోర్ట్ అని సెర్చ్ కొడితే ప్రభుత్వ సైట్ కంటే పైన డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు రావచ్చు, వాటిలో అచ్చం ప్రభుత్వ సైట్‌లా ఉండే దొంగ సైట్లూ ఉంటాయి. అసలైనది పాస్‌పోర్ట్ ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్, విదేశాంగ శాఖ కూడా దీని గురించి హెచ్చరించింది. గల్ఫ్ వెళ్ళడానికి అప్పు తెచ్చుకుని వచ్చిన మనిషి నీ సెంటర్‌లో కూర్చుని దొంగ సైట్‌కి డబ్బు కట్టకూడదు. దీనికి యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ వెయ్యి, ఉచితం. ప్రకటనలతో పాటు, ఫైల్ దించుకునే పేజీల్లో కనిపించే దొంగ డౌన్‌లోడ్ బటన్లూ చాలావరకు పోతాయి. ఇదే ఎక్స్‌టెన్షన్ ఇదివరకు క్రోమ్‌లోనూ పూర్తిగా పనిచేసేది. గూగుల్ ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చి, మానిఫెస్ట్ వీ3 అంటారు దాన్ని, 2025 నాటికి పాత రకం ఎక్స్‌టెన్షన్లని క్రోమ్‌లో ఆపేసింది. ఇప్పుడు అక్కడ దొరికేది తగ్గించిన లైట్ వెర్షన్, పూర్తిది ఫైర్‌ఫాక్స్‌లో ఉంది. భద్రత కోసమే మార్చామని గూగుల్ అంటోంది. ప్రకటనల మీద బతికే కంపెనీ చేతిలో బ్రౌజర్ ఉంటే ప్రకటనలు ఆపే పనిముట్టుకి ఏమవుతుందో నువ్వే చూడు.

దాంతోపాటు బుక్‌మార్కులు పెట్టు. మీభూమి, ఈఏపీసెట్, రైల్వే ఉద్యోగాలు, పీఎఫ్, జాయిన్ ఇండియన్ ఆర్మీ, రోజూ వాడేవన్నీ పైన బార్‌లో తెలుగు పేర్లతో కనిపించాలి. ఏ సైట్ అయినా చిరునామా గవ్ డాట్ ఇన్ అనో ఎన్ఐసీ డాట్ ఇన్ అనో ముగుస్తోందా అని ఒకసారి చూసి పెట్టు. సెర్చ్ బాక్స్‌లో కొట్టి వెళ్ళే అలవాటు తగ్గితే సగం మోసాలు తగ్గుతాయి.

ఇంకోటి. 2018 నుంచి క్రోమ్‌లో ఎవరైనా జీమెయిల్ తెరిస్తే బ్రౌజర్ కూడా వాళ్ళ అకౌంట్‌తో లాగిన్ అవుతుంది. నలుగురు కూర్చునే సిస్టమ్‌లో అది పెద్ద టెన్షన్. క్రోమ్ వాడాల్సి వస్తే గెస్ట్ విండోలోనే వాడనివ్వు. ఫైర్‌ఫాక్స్‌లో అయితే ప్రైవసీ సెట్టింగ్స్‌లో హిస్టరీ ఎప్పుడూ గుర్తుపెట్టుకోవద్దు అనేది పెట్టెయ్యి, మూసిన వెంటనే చూసిన పేజీలు, లాగిన్లు అన్నీ పోతాయి. కానీ దించుకున్న ఫైళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి, ఏ బ్రౌజర్ అయినా సరే. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నిండా జనాల ఆధార్ పీడీఎఫ్‌లు, పాస్‌బుక్ కాపీలు పడి ఉన్న సెంటర్లు ఎన్నో చూశాను. రోజూ షట్టర్ దించే ముందు అది ఖాళీ చెయ్యి, రీసైకిల్ బిన్ కూడా.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా ఎందుకు జరుగుతోందో అర్థం కాదు. తన సెర్చ్‌ని బ్రౌజర్లలో, ఫోన్లలో ముందుగానే పెట్టించుకోడానికి గూగుల్ 2021 ఒక్క ఏడాదిలో 2,630 కోట్ల డాలర్లు కట్టింది, అమెరికా కోర్టులో బయటపడిన లెక్క ఇది. 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా, గుజరాత్‌లో పుట్టినాయన, సెర్చ్‌లో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకుందని తేల్చాడు. క్రోమ్‌ని అమ్మించాలని ప్రభుత్వం అడిగింది, 2025 సెప్టెంబరులో ఆయన దానికి ఒప్పుకోలేదు, నావొక్కటే పెట్టాలి అనే ఒప్పందాలు మాత్రం వద్దన్నాడు. మన కాంపిటీషన్ కమిషన్ కూడా 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ముందుగా పెట్టి ఉన్నదాన్ని జనం మార్చరు అన్న నమ్మకంతోనే కదా అంత డబ్బు కడుతున్నారు. ఫైర్‌ఫాక్స్‌ని నడిపే మొజిల్లా ఆదాయంలో ఎక్కువ భాగం కూడా ఇదే గూగుల్ సెర్చ్ ఒప్పందం నుంచి వస్తోంది, ఆ సంగతి నీ దగ్గర దాచను. అది నాకూ నచ్చదు. అయినా వాడమనే చెబుతున్నాను, ఎందుకంటే వాడేవాళ్ళు లేకపోతే గెకో కూడా పోతుంది, అప్పుడు మనం విండోస్‌లో ఎంచుకోడానికంటూ ఏమీ ఉండదు.

మనం ఏమీ చెయ్యలేం అని మాత్రం అనుకోకు. 2015లో నువ్వు స్కూల్లో ఉన్నావు. కొన్ని సైట్లని ఉచితంగా, మిగతావాటిని డబ్బుకి ఇచ్చే పథకాలు వచ్చాయి, ఫేస్‌బుక్ వాళ్ళ ఫ్రీ బేసిక్స్ అందులో ఒకటి. ఆ ఏడాది నెట్ న్యూట్రాలిటీ కోసం, అంటే అన్ని సైట్లనీ ఒకేలా చూడాలని, టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్‌కి పది లక్షల పైన ఈమెయిళ్ళు వెళ్ళాయి, మామూలు జనం పంపినవి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి తేడా రేట్లని నిషేధించింది. ఏ సైట్ చూస్తున్నావు అన్నదాన్ని బట్టి నీ దగ్గర వేరే రేటు తీసుకోకపోవడానికి కారణం అదే.

అందుకే ఏదైనా సైట్ క్రోమ్‌లోనే తెరుచుకుంటోందంటే సరేలే అని క్రోమ్‌కి మారి ఊరుకోకు. కస్టమర్ పని ముందు అవ్వాలి కాబట్టి ఆ పూటకి మారు, తర్వాత ఫైర్‌ఫాక్స్ మెనూలో పనిచెయ్యని సైట్ గురించి రిపోర్ట్ చేసే చోటుంది, అక్కడ పంపు. ప్రభుత్వ సైట్ అయితే దాని హెల్ప్‌డెస్క్‌కి రెండు లైన్లు రాయి, ఏ పేజీ, ఏ బటన్, ఏ బ్రౌజర్, స్క్రీన్‌షాట్. ఒక్కోసారి జవాబు రాదు. రాకపోయినా రాయి, ఎవరూ రాయకపోతే ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్ళే లేరనుకుంటారు.

జీడిపప్పు షాపులవాళ్ళకి సైట్లు చేసిస్తానంటున్నావట, మంచి ఆలోచన. డొమైన్ పేరు, అంటే సైట్ చిరునామా, షాపు ఓనర్ పేరు మీదే కొనిపించు, నీ పేరు మీద వద్దు, ఏడాదికోసారి కట్టాల్సింది వాళ్ళచేతే కట్టించు. ఫేస్‌బుక్ పేజీ, వాట్సాప్ ఉంటే ఉండనీ, కానీ ఫోన్ నంబరు, రేట్లు, చిరునామా వాళ్ళ సొంత సైట్‌లో ఉండాలి, ఎందుకంటే పేజీ ఎప్పుడు లాక్ అవుతుందో ఎవరు చెప్పగలరు. తెలుగు యూనికోడ్‌లో టైప్ చెయ్యి. మన డీటీపీ వాళ్ళు యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో కొట్టి బొమ్మగా ఇస్తారు, అది పెడితే సెర్చ్‌లో దొరకదు, చూపు లేనివాళ్ళకి ఫోన్ చదివి వినిపించలేదు. సైట్ అయ్యాక ఫైర్‌ఫాక్స్‌లో చూడు, ఎవరిదైనా ఐఫోన్ అడిగి చూడు, ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ చూడు. మూడింట్లో ఆర్డర్ బటన్ పనిచేస్తే అప్పుడు డబ్బులు తీసుకో.

సిస్టమ్‌లు దిగిన రోజు ఫోన్ చెయ్యి, ముందు ఒక్కదాంట్లో ఇవన్నీ సెట్ చేసుకుందాం, మిగతావాటికి అదే కాపీ కొట్టొచ్చు. అక్కని, బావగారిని అడిగానని చెప్పు.

మీ మావయ్య
శ్రీకాకుళం