వాలు పొలంలో గట్టు వేసినా మట్టి ఎందుకు కొట్టుకుపోతోంది?

గట్టు తెగేది చాలాసార్లు బలం చాలక కాదు, మట్టం తప్పి. పొడవునా ఒక్కచోట జానెడు పల్లం ఉన్నా నీరంతా అక్కడికే చేరి గండి కొడుతుంది. కంటి అంచనాతో గీత గీయకండి.

2 మీటర్ల కర్రలు రెండింటిని A అక్షరంలా పైన కలిపి కట్టి, నడుమ అడ్డకర్ర బిగించి, పైకొస నుంచి రాయి కట్టిన తాడు వేలాడదీయండి. తాడు అడ్డకర్రను దాటేచోట గుర్తు పెట్టి, అవే రెండు చోట్ల కర్రల కాళ్లు తారుమారు చేసి మళ్లీ గుర్తు పెట్టండి. రెండింటి నడిమి బిందువే మట్టం. తాడు అక్కడికే వచ్చేలా ఒక్కో కాలూ తిప్పుకుంటూ పొలానికి అడ్డంగా వెళ్లండి, కాలు ఆనినచోటల్లా మేకు కొట్టండి; ఆ మేకుల వరసే మట్టం గీత.

వానలు నిలదొక్కుకోగానే ఆ గీతపై వట్టివేరు నాటాలి: కుదురుకు 2–3 పిలకలు, 10–15 సెం.మీ. ఎడం, ఆకు 20 సెం.మీ.కు కత్తిరించి. నేల 1 మీటరు దిగినప్పుడల్లా ఒక వరస, అంటే 5 శాతం వాలులో 20 మీటర్లకొకటి. చచ్చిన కుదుళ్ల చోట వెంటనే మళ్లీ నాటకపోతే ఆ సందులోంచే నీరు కోసుకుపోతుంది.

దున్నడం, విత్తడం కూడా ఆ గీత వెంటే. వాలు వెంట సాలు తోలితే ప్రతి సాలూ కాలువే. చొప్ప తగలబెట్టకుండా నేలమీద పరచండి. మట్టిని ముందు విడగొట్టేది చినుకు దెబ్బ, గడ్డి వరస ఆపగలిగేది ఆ తర్వాతి పారుదలను మాత్రమే.