ముందు ఆ పళ్లెం కలిపేయండి

ప్రశ్న: మా అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఊపిరితిత్తుల టీబీ అని తేలి మూడు వారాలుగా మందులు వాడుతోంది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చినప్పటి నుంచీ వీధంతా తెలిసిపోయింది. 'అక్కా' అంటూ లోపలికొచ్చేవాళ్లు గేటు దగ్గరే మాట్లాడి వెళ్తున్నారు, బట్టలివ్వడం మానేశారు. మేమూ జాగ్రత్తకని అమ్మకి పళ్లెం, గ్లాసు వేరు చేశాం. ఆమె మందులే మానేస్తానంటోంది.

జవాబు: ముందు ఆ పళ్లెం, గ్లాసు మీ వాటిలో కలిపేయండి. టీబీ దగ్గు తుంపర్లతో గాలిలోంచి సోకుతుంది, పళ్లెం వల్లో కుట్టిన జాకెట్టు వల్లో కాదు. ఇంట్లోవాళ్లే వేరు పెడితే వీధివాళ్ల భయానికి మీరే ముద్ర వేసినట్టు.

అసలు జాగ్రత్త గాలి దగ్గర. మిషన్‌ని కిటికీ పక్కకో వసారాలోకో మార్చండి. డాక్టరు వద్దనేదాకా ఆమె మాస్కు పెట్టుకోవాలి, విడిగా పడుకోవాలి. మందులు సరిగ్గా పనిచేస్తుంటే రెండు మూడు వారాల్లోనే ఇతరులకి సోకే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. మీ అమ్మ విషయంలో ఎంత తగ్గిందో డాక్టర్నే అడగండి. ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోండి, చిన్నపిల్లలుంటే ఆలస్యం వద్దు.

మందులు మాత్రం ఆపనివ్వకండి. మామూలు టీబీకి 6 నెలల కోర్సు: మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు. నెల తిరిగేసరికి దగ్గు తగ్గుతుంది, ఆకలేస్తుంది, 'నయమైపోయింది' అనిపిస్తుంది. అక్కడ ఆపితే మిగిలిన క్రిములు మందులకి లొంగకుండా తయారవుతాయి. మూత్రం నారింజ రంగులో వస్తే రక్తమేమోనని హడలిపోతారు, అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగే. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

వీధిలో ఇంటింటికీ తిరిగి సంజాయిషీ చెప్పుకోవద్దు. నలుగురూ మాట వినే పాత ఖాతాదారు ఒకావిడ ఉంటుంది కదా, అమ్మ ఆమెతో చెబితే చాలు: "మందులు వాడుతున్నా వదినా, బట్టలతో అంటదని డాక్టరు చెప్పారు." ఆశా కార్యకర్తని గేటు దగ్గర జబ్బు పేరెత్తవద్దని నెమ్మదిగా అడగండి. రోగి ఒప్పుకోకుండా బయట చెప్పకూడదు.

గిరాకీ తగ్గిన ఈ నెలల్లో పౌష్టికాహారానికి ప్రభుత్వ నిక్షయ్ పథకం కింద నెలకి 1,000 రూపాయలు వస్తాయి, బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చారో లేదో చూసుకోండి. 2 నెలలు నిండగానే కళ్లె పరీక్ష ఉంటుంది. అందులో క్రిమి లేదని వస్తే, ఆ సంగతి కూడా ఆ వదినకే ముందు చెప్పమనండి.