ముందొచ్చినా మొదటి బహుమతి దక్కలేదు

ప్రశ్న: పాతకాలంలో ఒక కార్ల పందెంలో అందరికన్నా ముందొచ్చినాయనకి మొదటి బహుమతి ఇవ్వలేదట. నిజమేనా అండీ?
(ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: నిజమేనండీ. 1895 జూన్‌లో జరిగిన పారిస్–బోర్డో–పారిస్ పందెం అది. ఎమిల్ లెవస్సార్ సుమారు 1,180 కిలోమీటర్లు 48 గంటల 48 నిమిషాల్లో ముగించాడు. రెండో బండి రావడానికి ఇంకో ఐదారు గంటలు పట్టింది! ఆయన నడిపిన పనార్ కారుకి స్టీరింగ్ చక్రం లేదు, పడవ చుక్కాని లాంటి కడ్డీ ఒకటే. టైర్లలో గాలి లేదు, గట్టి రబ్బరే. దారిలోని రుఫెక్ ఊళ్లో ఆయన దగ్గర్నుంచి బండి అందుకుని నడపాల్సిన డ్రైవరు, ఇంత త్వరగా వస్తాడనుకోక నిద్రపోతున్నాడు. లెవస్సార్ తనే ముందుకు సాగిపోయాడు. ఇంతా చేస్తే, మొదటి బహుమతి రెండు సీట్ల బండికి చెల్లదని నిబంధన. లెవస్సార్‌ది రెండు సీట్ల బండే కాబట్టి ఆ బహుమతి కెష్లాన్ నడిపిన నాలుగు సీట్ల పెజో కారుకి వెళ్లింది. నిబంధన నిబంధనే, కానీ రెండు రాత్రులు కునుకు లేకుండా నడిపిన మనిషికి అన్యాయం జరిగిందనే నేనంటాను.