నిజాం ఉత్తరం సంగతి తర్వాత, ముందు మీ బీరువాలోని కవరు జాగ్రత్త

ప్రశ్న: మా తాతగారు నిజాం సొంత ఎస్టేటు సర్ఫెఖాస్‌లో గుమాస్తాగా చేశారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆయన్ని మెచ్చుకుంటూ ఉర్దూలో స్వయంగా రాసిన ఉత్తరం మా ఇంట్లో ఉండేది. పైన 1347 అని వేసి ఉంటుంది. ఏటా దసరాకి నాన్నగారు దాన్ని తీసి అందరికీ చూపించేవారు. 2021లో ఆయన పోయాక, విలువెంతో చెప్పమని పాత వస్తువుల వ్యాపారి ఒకాయనకి ఇచ్చాను. కొన్నాళ్లకి అమ్మ ఆపరేషన్ కోసం ఆయన దగ్గరే 20,000 చేబదులు తీసుకున్నాను. ఉత్తరం అడిగినప్పుడల్లా "నిపుణుడికి చూపిస్తున్నా మేడం, వచ్చేస్తుంది" అనేవారు. పోయిన నెల గట్టిగా అడిగితే, "20,000కి మీరు అమ్మేశారు కదా, ఇవ్వను" అని వాట్సాప్‌లో పెట్టారు. మూడేళ్లు దాటాయి కాబట్టి కేసు కూడా నిలవదంటున్నారు. ఒక అఫిడవిట్ మీద సంతకం పెడితే మాత్రం ఇంకో మూడు లక్షలు ఇస్తారట. ఉత్తరం 1958 నాటిదనీ, 2021లోనే దాన్ని అమ్మేశాననీ అందులో రాసి ఉంది. దుబాయ్‌లో కొనేవాళ్లు ఉన్నారట. అమెరికాలో ఉన్న తమ్ముడు మాత్రం ఎలాగైనా తీసుకుంటే తనతో పట్టుకెళ్తానంటున్నాడు. బీరువాలో మిగిలిన ఖాళీ కవరు చూసి ఏడవని రోజు లేదు. తాతగారి పరువు పోగొట్టానా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, తాతగారి పరువు గురించి కోర్టు అడగదు. ఒక్కటే అడుగుతుంది: ఆ ఉత్తరం మీరు అమ్మారా, ఇచ్చి ఉంచారా? మీ కేసంతా దీని మీదే నిలబడుతుంది.

మూడేళ్లు దాటాయని ఆయన బెదిరిస్తున్నది ఈ తేడా మీకు తెలియదన్న ధైర్యంతోనే. 1963 లిమిటేషన్ చట్టంలో 70వ ఆర్టికల్ అని ఉంది. దాచమని ఇచ్చిన వస్తువు గానీ, తాకట్టు పెట్టిన వస్తువు గానీ తిరిగి రాబట్టుకోవడానికి మూడేళ్ల గడువు ఇస్తుంది. ఆ గడువు వస్తువు ఇచ్చిన రోజు నుంచి మొదలవదు. మీరు తిరిగి ఇమ్మని అడిగాక, అవతలివాడు ఇవ్వనన్న రోజు నుంచి మొదలవుతుంది. ఆయన ఇవ్వనన్నది పోయిన నెల. ఆ మాట ఆయన చేతులతోనే రాసి పంపారు. కాబట్టి మీ కేసుకి కాలదోషం పట్టలేదు. ఆ 20,000 ఉత్తరం పూచీ మీద ఇచ్చానని రేపు ఆయన మాట మార్చినా అది తాకట్టే అవుతుంది, అప్పుడూ ఇదే ఆర్టికల్. అమ్మకం అని రుజువు చేస్తే తప్ప ఆయనకి దారి లేదు.

ఆ రుజువు ఆయన దగ్గర లేదు. అందుకే మూడు లక్షలు పోసి మీ సంతకం కొంటున్నారు. ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు. పెట్టిన రోజే మీ కేసు పోతుంది, పైగా మీరే నిందితులవుతారు. ఎందుకో చెప్తాను. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువున్న రాతప్రతులు, పత్రాలకి 75 ఏళ్లు నిండితే అవి పురావస్తువుల కిందికి వస్తాయి. మిగతా వస్తువులకి మాత్రం నూరేళ్లు నిండాలి. అలాంటి వస్తువును సొంతదారైనా సరే దేశం దాటించకూడదు. ఆ హక్కు కేంద్ర ప్రభుత్వానికీ, అది అనుమతించిన సంస్థకీ మాత్రమే ఉంది. దాటిస్తే ఆరు నెలలకి తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, జరిమానా.

ఇప్పుడు ఆ 1958 ఎందుకొచ్చిందో చూడండి. నిజాం 1967 ఫిబ్రవరి దాకా బతికే ఉన్నారు కాబట్టి 1958లో ఉత్తరం రాశారంటే ఎవరైనా నమ్ముతారు. ఆ లెక్కన 75 ఏళ్లు నిండడానికి 2033 రావాలి. ఈలోపు ఉత్తరం దుబాయ్ వెళ్లిపోవచ్చు. ఆ అబద్ధానికి ప్రమాణం చేసేది మీరు, లాభం ఆయనది. మీ తమ్ముడికీ ఇదే మాట గట్టిగా చెప్పండి. సూట్‌కేసులో పెట్టుకెళ్తే కస్టమ్స్ వాళ్లు పట్టుకునేది అతన్నే.

ఉత్తరం మీద ఉన్న 1347 ఫస్లీ సంవత్సరం, అంటే నిజాం కాలంలో రెవెన్యూ లెక్కలకి వాడిన సంవత్సరం అయి ఉంటుంది. తెలంగాణలో వకీళ్లకి ఈ లెక్క కొత్త కాదు, మా భూమి కేసుల్లో 1317 ఫస్లీ నాటి రెవెన్యూ చట్టం ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. ఫస్లీకి 590 కలిపితే 1937. ముస్లిం క్యాలెండర్ హిజ్రీ అనుకున్నా 1928. ఎటు లెక్కేసినా 75 ఏళ్లు ఎప్పుడో నిండాయి. పురావస్తువా కాదా అని పేచీ వస్తే తేల్చాల్సింది భారత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ. మీ వ్యాపారి అఫిడవిట్ కాదు.

ఇక మీరు రోజూ చూసి ఏడుస్తున్న కవరు. మీ ఉత్తరమంతటిలో నన్ను ఆపేసిన మాట అదే. నిజంగా అమ్మితే కవరు మీ దగ్గర ఎందుకు మిగిలింది? ఇలాంటివి కొనేవాళ్లకి కవరుతో సహా ఉత్తరం దొరికితేనే విలువ. కొనుక్కున్న వ్యాపారి దాన్ని మీ బీరువాలో వదిలిపెట్టడు. చూసి చెప్తానని పట్టుకెళ్లినవాడు వదిలేస్తాడు. ఇంకో సంగతి. హైదరాబాద్ సంస్థానానికి సొంత తపాలా, సొంత స్టాంపులు ఉండేవి. 1950లో అవి భారత తపాలాలో కలిసిపోయాయి. మీ కవరు మీద నిజాం స్టాంపు గానీ ఆ తపాలా ముద్ర గానీ ఉంటే 1958 కథ అక్కడితో ఆగిపోతుంది. దాన్ని లామినేషన్ చేయించకండి, టేపు అంటించకండి. రెండు వైపులా ఫొటో తీసి, శుభ్రమైన కాగితంలో చుట్టి పెట్టండి.

ఒక మాట అనక తప్పడం లేదు. జాకెట్టు కుట్టడానికిస్తే టైలర్ దగ్గర చీటీ తీసుకుంటాం. ఎనభై ఏళ్లు దాటిన రాజుగారి ఉత్తరాన్ని ఒక్క రసీదు లేకుండా, కనీసం వాట్సాప్‌లో "చూడడానికి ఇస్తున్నాను" అని కూడా రాయకుండా ఇచ్చేశారు. పైగా అదే మనిషి దగ్గర అప్పు తీసుకుని, ఎందుకో రాయలేదు, నాలుగేళ్లుగా తీర్చలేదు. ఆయన అమ్మకం కథకి ఆధారం మీరే ఇచ్చారు.

అది సరిదిద్దుకోవడానికి వాట్సాప్ సాయపడుతుంది. "నిపుణుడికి చూపిస్తున్నా" అన్న మెసేజ్‌లు ఉన్నాయా? కొనుక్కున్న మనిషి "వచ్చేస్తుంది మేడం" అని ఎందుకంటాడు? ఆ ఫోన్ మార్చకండి, రిపేరుకి ఇవ్వకండి, ఒక్క మెసేజ్ కూడా తీసేయకండి. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ (పాత 65బి) ప్రకారం సర్టిఫికెట్ జతచేస్తేనే కోర్టు వాటి ప్రింట్లను చూస్తుంది. ఆపరేషన్ బిల్లు, డబ్బు పడిన రోజు బ్యాంకు స్టేట్‌మెంటు పక్కపక్కన పెడితే చేబదులు సంగతి తేలుతుంది. దసరాకి తీసిన ఫొటోల్లో ఉత్తరం కనిపిస్తోందేమో బంధువులందరి ఫోన్లూ వెతికించండి. ముప్పై ఏళ్లు దాటిన పత్రం ఉండాల్సిన చోటు నుంచి వస్తే, అందులోని చేతిరాత ఫలానావారిదేనని కోర్టు అనుకోవచ్చు. ఉత్తరం ఇప్పుడు పరాయి చేతిలో ఉంది కాబట్టి అది మీ ఇంట్లోదేనని చూపడానికి ఆ ఫొటోలే దిక్కు.

నోటీసు ఇచ్చే ముందు ఒక్కటి నిజం చెప్పండి. ఉత్తరం మీద మిసిల్ (ఫైలు) నంబరు, ఆఫీసు ముద్ర లాంటివి ఉన్నాయా? ఉంటే అది తాతగారికి రాసిన సొంత ఉత్తరం కాకపోవచ్చు, ఆఫీసు కాగితం కావచ్చు. సర్ఫెఖాస్ 1949లో ప్రభుత్వంలో కలిసిపోయింది. అప్పుడు మీ హక్కే ప్రశ్నార్థకమవుతుంది. ఫొటో దొరికితే పాత ఉర్దూ దస్తూరీ చదవగలిగేవారితో పూర్తిగా చదివించండి, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడిగి చూడండి. అది సొంత ఉత్తరమే అయితే ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు.

ఈ వారమే లాయర్ నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. ఉత్తరం తిరిగి ఇమ్మని, 20,000 తీర్చడానికి సిద్ధమని అందులో రాయించండి. పదిహేను రోజుల్లో ఇవ్వకపోతే సివిల్ కోర్టులో దావా వేయండి. మీ అమ్మగారికీ తమ్ముడికీ వాటా ఉంది కాబట్టి వాళ్లనీ వాదులుగా చేర్చండి. డబ్బు నష్టపరిహారం చాలదు, వస్తువే కావాలని అడిగే హక్కు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 8వ సెక్షన్ ఇస్తుంది. ఇలాంటి ఉత్తరం బజారులో రెండోది దొరకదు కాబట్టి మీకది సరిపోతుంది. దావాతో పాటే, ఉత్తరాన్ని అమ్మకుండా, ఊరు దాటించకుండా కోర్టు ఆపే ఉత్తర్వు, అంటే ఇంజంక్షన్ అడగాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39, రూల్ 7 కింద దాన్ని చూసి భద్రపరచడానికి కోర్టు తరఫున ఒక కమిషనర్‌ని వేయమని కూడా అడగాలి. దావాకి మూడేళ్లుంది, ఇంజంక్షన్‌కి మాత్రం అంత టైం లేదు. దుబాయ్ మాట ఆయన నోటి నుంచే వచ్చింది కదా.

పోలీసు ఫిర్యాదు కూడా ఇవ్వొచ్చు, నమ్మకద్రోహం కిందికి వస్తుంది. కానీ ఒక్క దాని మీదే ఆధారపడితే "సివిల్ మేటర్" అని వెనక్కి పంపే ప్రమాదం ఉంది. లాయర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోన్, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆపరేషన్ బిల్లు, కవరు తీసుకెళ్లండి. కవరు ఆయనకి చూపించి మళ్లీ మీతోనే తెచ్చుకోండి. ఈసారి ఎవరికిచ్చినా రసీదు తీసుకోండి.