పాత రౌటర్‌నే వాడండి, కానీ కేబుల్ వేయండి

మేడమీది గదికి వైఫై అందడం లేదని, మూలన పడి ఉన్న పాత రౌటర్‌తో పని జరుగుతుందా, లేక వైఫై సిగ్నల్‌ను అందుకుని తిరిగి పంపే రిపీటర్ కొత్తగా కొనాలా అని అడిగారు. కొనవద్దు. మా ఇంట్లో నాలుగేళ్లుగా పాత రౌటరే ఆ పని చేస్తోంది. అయితే అది కుదురుకునే ముందు నేను మూడు రోజులు తిప్పలు పడ్డాను.

కింది రౌటర్ నుంచి మెట్ల పక్కగా కేబుల్ లాగి, రెండో కొసను పాత రౌటర్ లాన్ పోర్టుకు (ఇంట్లోని పరికరాలను కలిపే రంధ్రానికి) తగిలించాను. రెండింటికీ 192.168.1.1 అనే ఒకే అడ్రసు ఉంటే తగవు తప్పదు కనుక, ముందుగానే పాతదాన్ని ల్యాప్‌టాప్‌కు మాత్రమే కలిపి దాని అడ్రసును 192.168.1.2గా మార్చాను. వైఫై పేరు, పాస్‌వర్డు కిందిదానివే ఇచ్చాను. ఆ సాయంత్రం మేడ మీద వీడియో ఎక్కడా ఆగకుండా ఆడింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు పొద్దున నాన్నగారి ఫోన్‌లో నెట్ లేదు, నా ల్యాప్‌టాప్‌లో ఉంది. ఆయన ఫోన్ ఆపి మళ్ళీ వేస్తే వచ్చింది; ఈసారి అమ్మ ఫోన్‌లో పోయింది. సిగ్నల్ గీతలు మాత్రం అందరికీ నిండుగానే ఉన్నాయి. కేబుల్‌ను అనుమానించి రెండు కొసలూ కత్తిరించి కొత్త కనెక్టర్లు బిగించాను. నెట్ ఇచ్చే సంస్థకు ఫోన్ చేసి అరగంట వాదించాను. అవతలి ఆయనకు రౌటర్ ఆపి వేయమనడం తప్ప మరో మాట తెలియదు. మూడో రోజు రాత్రి, నెట్ రాని ఫోన్‌లోనే కింది రౌటర్ సెట్టింగుల పేజీ చక్కగా తెరుచుకోవడం గమనించాను. అంటే ఇంటి లోపలి దారి బాగానే ఉంది, బయటికి వెళ్ళే దారి తప్పింది. వైఫై వివరాలు తెరిచి చూస్తే గేట్‌వే (బయటికి వెళ్ళే ద్వారం) అన్నచోట 192.168.1.1కు బదులు 192.168.1.2 కూర్చుని ఉంది. పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీని, అంటే పరికరాలకు అడ్రసులు పంచే పనిని, ఆపడం మరిచిపోయాను!

వైఫైలో చేరిన ప్రతి ఫోనూ తనకొక అడ్రసు ఇమ్మని అడుగుతుంది, సాధారణంగా ఏ రౌటర్ ముందు పలికితే దాని మాటే వింటుంది. పాతది ముందు పలికినప్పుడల్లా, బయటికి వెళ్ళాలంటే తన దగ్గరకే రమ్మని చెబుతోంది; దానికేమో బయటి దారే లేదు. పాతదాని సెట్టింగులలో డీహెచ్‌సీపీ పక్కనున్న ఆ ఒక్క టిక్కు తీసేసి, ఫోన్లను వైఫై నుంచి విడదీసి మళ్ళీ కలిపాక గొడవ ముగిసింది. మీ రౌటర్ సెట్టింగులలో యాక్సెస్ పాయింట్ మోడ్ (వైఫై మాత్రమే పంచే పద్ధతి) ఉంటే ఈ తలనొప్పే ఉండదు, అది ఎంచుకుంటే చాలు. లేనప్పుడు మాత్రం కేబుల్‌ను వాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చే రంధ్రంలో) పెట్టకండి: నెట్ వచ్చినా మేడమీది పరికరాలు వేరే నెట్‌వర్క్ అయిపోతాయి, కింది ప్రింటర్‌ను పైనుంచి వెతుక్కోవలసి వస్తుంది.

ఇక రిపీటర్ల సంగతి. వాటిని బూస్టర్లని పేరుపెట్టి అమ్మడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకే రేడియోతో విని, దానితోనే తిరిగి చెప్పే పరికరంలో వేగం దాదాపు సగానికి పడిపోతుంది. ఈథర్నెట్ కేబుల్ అయితే 100 మీటర్ల వరకు నిశ్చింతగా పోతుంది. మీ పాత రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి అయితే అంతకు మించిన వేగం రాదు; మేడ మీద సినిమా చూడటానికి అది ఎక్కువే. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో రెండూ ఒకదానికొకటి అడ్డురాకుండా కిందిదాన్ని 1వ ఛానెల్‌లో, పైదాన్ని 6 లేదా 11లో ఉంచండి.

అడాప్టర్ విషయంలో జాగ్రత్త. 9 వోల్టులదీ 12 వోల్టులదీ ఒకే రంధ్రంలో దూరేలా తయారుచేసే పెద్దమనుషులకు ఏం చెప్పగలం? రౌటర్ అడుగున రాసినది చదివి గాని ప్లగ్ పెట్టకండి. ఆ రౌటర్ డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రతా పద్ధతి కూడా లేనంత పాతదైతే మాత్రం వదిలేయండి.

అన్నీ సరిగా ఉన్నా కొన్ని ఫోన్లు మేడ ఎక్కాక కూడా కింది సిగ్నల్‌నే పట్టుకుని వేలాడతాయి. వైఫై ఒకసారి ఆపి వేస్తే దగ్గరిదానికి మారతాయి. నాన్నగారు ఇప్పటికీ మెట్ల మలుపులో ఒక్క క్షణం ఆగి ఆ పని చేసుకునే పైకి వస్తారు.