కప్పుకి ఎన్ని గ్రాములు?

అమ్మడూ,

“పెద్దమ్మా, కప్పుకి ఎన్ని గ్రాములు?” అని అడిగావు. ఏ కప్పు, అందులో ఏం పోశావు, ఎలా పోశావు? ఈ మూడూ అడగకుండా ఎవరు నంబరు చెప్పినా నమ్మకు.

ఫోన్లో వంటలు చూపించేవాళ్ల కప్పు సాధారణంగా 240 మిల్లీలీటర్లు, కొందరిది 250. గుణుపూర్‌లో మీ ఇంటి స్టీలు గ్లాసు ఆ రెండూ కాకపోవచ్చు. ఖాళీ గ్లాసు కాటా మీద పెట్టి సున్నా చేసి, అంచు దాకా నీళ్లు పొయ్యి. 180 గ్రాములు చూపిస్తే అది 180 మిల్లీలీటర్ల గ్లాసు.

నీళ్లు 100 గ్రాములు పట్టే చోట మైదా సుమారు 50 గ్రాములే పడుతుంది. బొంబాయి రవ్వ 70, బియ్యం 80 పైచిలుకు, పంచదార 85 దాకా. మెత్తటి ఉప్పు 120 దాకా తూగుతుంది. అదే గళ్ళుప్పయితే మధ్యలో సందులుంటాయి కాబట్టి చెంచాకి తక్కువే వస్తుంది. నీ 180 గ్లాసుకి మైదా 90, పంచదార 150 అనుకో, చాలు.

పిండితోనే అసలు తంటా. జల్లించి చెంచాతో మెల్లగా పోస్తే 240 కప్పుకి 120 గ్రాములు. అదే కప్పుని డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 దగ్గరికి పోతుంది. కేకు గట్టిపడిందని ఓవెన్‌ని తిట్టుకునేది ఇందుకే. మార్గశిర గురువారాల్లో మన పక్కిళ్ల ఒడియావాళ్లు మాణలో, అంటే ధాన్యం కొలిచే పాత్రలో, కొత్త ధాన్యం పోగుగా పోసి లక్ష్మీదేవిని నిలుపుతారు చూడు, పూజకి ఆ పోగే అందం. వంటకి మాత్రం చాకు వీపుతో తల చదును చెయ్యాలి. ఇంకా మంచిది, పిండిని తూచేయడమే.

అమ్మమ్మ నోటుపుస్తకంలో గిద్ద, సోల, తవ్వ అనే పాతకాలం కొలతలు చూసి టెన్షన్ పడకు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మానిక ఊరికో రకంగా ఉండేది కాబట్టి నెట్‌లో వెతకొద్దు. పర్లాకిమిడిలో మీ అమ్మ దగ్గరున్న ఇత్తడి సోలలోనే నీళ్లు పోసి తూచమను.

ఇడ్లీకి ఒకటి మినప్పప్పు, రెండు రవ్వ అంటే అసలు లెక్కే వద్దు. రెండూ ఒకే గ్లాసుతో పోస్తే సరి. అందులో సగం గ్రాములు, సగం గ్లాసులు కలిపావో, రుబ్బు తేడా చేస్తుంది.

అరిసెలకి బియ్యం నానబెట్టక ముందే తూచు. తడిపిండిలో నీటి బరువు కూడా చేరుతుంది. బెల్లం గ్లాసుతో వద్దు. ముక్క పెద్దదైతే ఒక బరువు, తరిగితే ఇంకో బరువు.

వంటసోడా, యాలకుల పొడి లాంటివి మాత్రం ఆ కాటా మీద వెయ్యకు. ఒకటి రెండు గ్రాములు దానికి సరిగా ఆనవు. 5 మిల్లీలీటర్ల కొలత చెంచాలు బజార్లో దొరుకుతాయి, వాటితోనే తల చదును చేసి వెయ్యి.

ఉంటాను,
పెద్దమ్మ